మరిది చేతికి పిండికట్టు

నేను గుమ్మంలోకి వచ్చేసరికి బాలు నా కూతురి చేతి మీద కత్తి పెట్టి ఉన్నాడు.

పిండికట్టు భుజం దగ్గర నుంచి మోచేతి దాకా చీలిపోయి ఉంది. తెల్లటి పొడి మంచం నిండా, దివ్య గౌను నిండా రాలింది. పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. వాడు ఒక మోకాలు మంచం మీద ఆనించి, కూరలు తరిగే కత్తితో మిగతా కట్టు కోస్తున్నాడు.

చంకలో ఉన్న బిందె ఎక్కడ పడేశానో నాకు తెలియదు. వెళ్లి వాడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను. మరిది జుట్టు పట్టుకున్న వదినను మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఏడుపు విని కల్లంలోంచి పరుగెత్తుకొచ్చిన మా అత్తయ్య సుబ్బరావమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఒకసారి చంపావు. అది చాల్లేదా నీకు?" అన్నాను.

బాలు కత్తి కింద పెట్టాడు. చెయ్యి మండిపోతోందని పిల్ల గోడకేసి కట్టు కొట్టుకుంటుంటే చూడలేకపోయానన్నాడు. పిలిస్తే ఎవరూ పలకలేదట. నేను వినదలుచుకోలేదు. వాడు చెప్పేది వినడం మానేసి ఏడాది దాటింది.

కానీ మంట నిజమే. కట్టు రెండుగా విడదీసి చూస్తే దివ్య ఎడమ చెయ్యి ముంజేతి పొడవునా ఎర్రగా పొంగి ఉంది. లోపల, మోచేతి దగ్గర, చిన్న పసుపు గుడ్డ మూట ఇరుక్కుని ఉంది. విప్పితే నలిగిపోయిన ఎండు మిరపకాయలు, కళ్లుప్పు. చెమటకు ఉప్పు కరిగి కారం చర్మంలోకి దిగింది.

అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాగున్న చెయ్యి కట్టేశారట అంటూ ఊరు ఊరంతా వచ్చి చూసిపోతున్నారని, ఆ కళ్లు పిల్లకు తగలకుండా దిష్టి తీసిన మిరపకాయలే మూటగట్టి కట్టు అంచులో దోపానని, అది లోపలికి జారుతుందని అనుకోలేదని చెప్పింది. చెబుతూనే కూలబడి ఏడ్చింది.

ఆమెను నేను ఒక్క మాట అనలేదు. కొబ్బరినూనె తెచ్చి పిల్ల చేతికి రాశాను. నా కోపానికి దారి తెలిసింది ఒక్క మనిషి దగ్గరికే. ఆ మనిషి ఇంకా మంచం పక్కనే నిలబడి, చేతికి అంటిన తెల్ల పొడి దులుపుకుంటున్నాడు.

పోయిన పంటకు మిరపకాయల టిక్కీలు, ఆ పెద్ద పెద్ద బస్తాలు, ట్రాక్టర్ మీద గుంటూరు యార్డుకు తోలింది వాడే. ఊరి చివర కాలవ మలుపులో, ఆ టిక్కీల మీద నుంచి నా పిల్ల పడింది. తల ఎడమ వైపు తగిలితే కుడి చెయ్యి, కుడి కాలు పోతాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఆసుపత్రి వరండాలో అందరి ముందు బాలు చెప్పిన మాట ఒకటే. పిల్ల తనకు చెప్పకుండా వెనక నుంచి ఎక్కిందని. ఊరు నమ్మింది. మా ఆయన శ్రీకృష్ణ నమ్మాడు. నేనూ నమ్మాను.

దివ్యకు మాట మెల్లగా తిరిగొచ్చింది. ఒకరోజు నేను తల దువ్వుతుంటే తనంతట తానే అంది. "బాబాయ్ ఎక్కించాడు."

మా ఆయనతో చెబితే, తలకు దెబ్బ తగిలిన పిల్ల మాట పట్టుకుని ఇల్లు విరగ్గొడతావా అన్నాడు. అదే ఆఖరు. ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం దాన్ని దించలేదు.

*

గుంటూరు బ్రాడీపేటలో మెట్లెక్కి డాక్టరమ్మ గదిలోకి వెళ్లేదాకా దివ్య చేతిని తడి గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. బస్సులో ప్రతి కుదుపుకూ ఒకటే ఆలోచన. కుడి చెయ్యి ఎటూ లేదు. ఈ మంటకు ఎడమ చెయ్యి కూడా పోతే నా పిల్ల రేపు జడ వేసుకునేదెలా, అన్నం తినేదెలా, నేను పోయాక ఎవరు తినిపిస్తారు.

డాక్టరమ్మ పేరు రాగసుధ. చిన్న వయసు. చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, చర్మం వరకే కాలిందని, మానిపోతుందని అంది. పసుపు గుడ్డ మూట సంగతి వినీ నవ్వలేదు. అందుకు ఆమె అంటే నాకు గౌరవం.

మొదట్లోనే ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఈ వైద్యం ఇంకా పరీక్షలో ఉంది. దెబ్బ తగిలిన పిల్లలు బాగున్న చేత్తోనే పని జరుపుకుంటూ రెండో చేతిని మరిచిపోతారట. బాగున్నదాన్ని కొన్నాళ్లు కట్టేస్తే, వేరే దారి లేక ఆ మరిచిపోయిన చెయ్యి పనిలోకి దిగుతుందేమో చూడాలి. దిగకపోవచ్చు కూడా. చీటీలు తీసి కొందరు పిల్లలకు కట్టు వేస్తారు, కొందరికి మామూలు వ్యాయామాలే చేయిస్తారు. దివ్యకు కట్టు చీటీ వచ్చింది. ఆ రోజు నేను సంతోషించాలో ఏడవాలో తెలియక డాక్టరమ్మ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది.

ఇప్పుడు మాత్రం గొంతు కాస్త గట్టి చేసింది. చర్మం మానాక మళ్లీ కట్టు వేస్తానని, ఇంకోసారి మధ్యలో విప్పితే దివ్యను ఈ పరీక్షలోంచి తీసేయక తప్పదని చెప్పింది. తీసేస్తే మళ్లీ పాత వ్యాయామాలే. అవి ఏడాదిగా చేయిస్తూనే ఉన్నాం. ఆ చెయ్యి గుడ్డపేలికలా వేలాడుతూనే ఉంది.

"ఇక్కడ ఏడవదు. ఇంటి దగ్గరే ఎందుకేడుస్తుంది?" అని అడిగాను.

ఇక్కడ పిల్లలందరి చేతులకూ కట్లున్నాయి కదా అంది డాక్టరమ్మ. ఇంట్లో దివ్య ఒక్కతే. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు కూడా తమ మంచి చేతికి ఒక గుడ్డ కట్టుకుని పిల్లతో ఆడితే తేడా ఉంటుందట. మామూలుగా తల్లులే కట్టుకుంటారట. మీరు కట్టుకుంటారా అని ఆమె అడగబోతోంది.

"మా మరిది కట్టుకుంటాడు" అన్నాను. "గుడ్డ కాదు. పిండికట్టే వెయ్యండి."

గుడ్డ చాలునంది ఆమె. గుడ్డయితే పిల్ల పక్కకు తిరగ్గానే విప్పేస్తాడన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. అక్కడ ఏం కనిపించిందో గానీ, ముందు ఆయన ఒప్పుకోవాలి కదమ్మా అని మాత్రం అంది.

*

ఇంట్లో ఆ సాయంత్రం గొడవ అంతా మా ఆయనదీ, అత్తయ్యదీ. బాలు గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకెవరి సంగతో మాట్లాడుకుంటున్నట్టు విన్నాడు.

కల్లం నిండా కాయలున్నాయి, కోత ఇంకా ఉంది, ట్రాక్టర్ తోలేదెవరు అని మా ఆయన. చీరాల వాళ్లు వాడికి పిల్లను ఇవ్వాలని ఇల్లు చూసుకోవడానికి వస్తామన్నారు, చెయ్యి విరిగినవాడిలా కూర్చోబెడతావా అని అత్తయ్య. మా జీతగాడు సిలార్ బండి తోలతాడన్నాను. చీరాల వాళ్లను రమ్మనండి, చూసుకోనివ్వండి అన్నాను.

అత్తయ్య నా ముందుకొచ్చి నిలబడింది. "పగబట్టావమ్మాయ్. ఇది వైద్యం కాదు, పగ."

"పగే అత్తయ్యా. కాదని నేనెప్పుడన్నాను? నా పిల్లకు ఆ చెయ్యి వచ్చేదాకా వాడికీ చెయ్యి ఉండకూడదు."

మా ఆయన నేల చూపులు చూశాడు. బయట కల్లంలో కాయలకు పట్టా కప్పుతున్న చప్పుడు వినిపించింది.

"కుడి చెయ్యేగా వదినా" అన్నాడు బాలు. లేచి, కాళ్లు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు.

వాడు అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. బతిమాలతాడని, నేను కాదంటానని ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో.

*

దివ్య చర్మం మానాక ఇద్దరినీ ఒకేరోజు గుంటూరు తీసుకెళ్లాను. ముందు పిల్లకు ఎడమ చేతికి, తరువాత వాడికి కుడి చేతికి. మెత్తటి తెల్ల పిండి వాడి వేళ్ల దాకా కప్పుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఏడాదిలో మొదటిసారి ఆ పూట నాకు ఆకలేసింది.

తరువాతి రోజుల్లో నేను చేసిన పనులు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ముళ్లెక్కువున్న చేపలు వెతికి తెప్పించాను. కూలీలతో పాటు వరండాలో బాలుకు విస్తరి వేసి, అన్నం పొగలు కక్కుతుండగా వడ్డించి, పప్పు కలపకుండా వచ్చేశాను. ఎడమ చేత్తో వాడు అన్నం ముద్ద చేయబోతే సగం విస్తరి దాటి పడేది. కూలీ ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. ఎడమ చేత్తో తినే మనిషి ఎదురుగా కూర్చుని ఎవరికి ముద్ద దిగుతుంది. సిలార్ మాత్రం, "బాలన్నా, నీకు లుంగీ ముడి వెయ్యడానికి వేరే జీతగాడిని పెట్టుకోవాలి, నా వల్ల కాదు" అని అందరూ వినేలా అనేవాడు. బాలు నవ్వేవాడు. ఆ నవ్వు ఎంతకాలం ఉంటుందో చూద్దామనుకునేదాన్ని.

దివ్య అన్నీ చూసేది. ఒకరోజు వాడి చొక్కా గుండీలు కిందా మీదా పడి, ఒక వైపు పైకీ ఒక వైపు కిందికీ వేలాడుతుంటే నవ్వింది. దెబ్బ తగిలాక అంత నవ్వు నేను వినలేదు. వంటింట్లో ఉన్నదాన్ని బయటికి వచ్చేశాను. నవ్వేది వాడి పక్కన కూర్చుని.

ఆ మరునాటి నుంచి ఇద్దరికీ పందెం. చింతగింజలు నేల మీద పోసి, వాడు ఎడమ చేత్తో, పిల్ల కుడి చేత్తో గిన్నెలోకి తొయ్యాలి. ఆ చెయ్యి మొదట నేల మీద ఈడ్చుకుపోయేది. తరువాత మణికట్టు తిరిగింది. గింజలు దొర్లించేది గానీ వేళ్లు ముడుచుకునేవి కావు. డాక్టరమ్మ ఎదురుచూసేది దానికే. పట్టు దొరికితే మిగతాది వెనకే వస్తుందని, ఏది ఇష్టమైతే అది ఎదురుగా పెట్టి అందుకోమనండి అనీ చెప్పింది.

నేను జంతికలు వండి ఎదురుగా కూర్చున్నాను. దివ్య నా వైపు చూసి, వంగి నోటితో అందుకుంది. బొమ్మ పెట్టాను. మోచేత్తో పక్కకు నెట్టింది. బుజ్జగించాను, ఒకసారి కసిరాను. నా కోసం ఆ చెయ్యి కదలలేదు. వాడు వచ్చి కూర్చుంటే కదిలేది.

నాకు కొత్త భయం పట్టుకుంది. తలకు తగిలిన దెబ్బతో పిల్ల ఆ రోజు సంగతే మరిచిపోయిందేమో. బాబాయ్ ఎక్కించాడన్న మాట కూడా చెరిగిపోతే ఈ లోకంలో నాకు సాక్ష్యమే లేదు. వాడు ఎప్పటికీ మంచివాడిగానే ఉండిపోతాడు. నా పిల్ల ఎప్పటికీ అల్లరి చేసి చెయ్యి పోగొట్టుకున్న పిల్లగానే మిగిలిపోతుంది.

చీరాల వాళ్లు వస్తున్నట్టు కబురందింది. వాడి చేత ఆ మాట చెప్పించడానికి అంతకంటే మంచి రోజు రాదనుకున్నాను.

*

ఒక్క పూటకు బాలు కట్టు కోయిద్దామని మా ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. పిల్లది కాదు కదా, వాడిదే కదా అన్నాడు. వాడు విప్పితే పిల్లా విప్పమంటుంది, విప్పితే పరీక్షలోంచి తీసేస్తారన్నాను. అందులో అబద్ధం లేదు. వద్దులే అన్నయ్యా, ఉండనియ్యి అన్నాడు బాలు పక్క గదిలోంచి.

దివ్యను పెరటి గదిలో ఉంచమని అత్తయ్య చెప్పింది. నేను పిల్లకు తల దువ్వి, రిబ్బన్లు కట్టి, కొత్త గౌను తొడిగి ముందు గదిలో మంచం మీద బాలు పక్కన కూర్చోబెట్టాను. అత్తయ్య నా వైపు చూసిన చూపుకు ఇంకో రోజయితే తల దించుకునేదాన్నే.

పెళ్లికూతురి తండ్రి రామాంజనేయులు గారికి చీరాలలో మగ్గాలున్నాయి. నెమ్మదైన మనిషి. వెంట ఆయన బావమరిది వచ్చాడు. కల్లం చూశారు, ట్రాక్టర్ చూశారు, కాఫీలు తాగుతూ కూర్చున్నారు. ఆయన చూపు బాలు కట్టు మీద నుంచి దివ్య కట్టు మీదికి, అక్కడి నుంచి వెనక్కీ తిరిగింది.

"ఇద్దరికీ ఏమైందండీ?" అన్నాడు.

అత్తయ్య ముందే నోరు తెరిచింది. పిల్ల వైద్యం కోసం మా వాడు తోడుగా కట్టుకున్నాడని, అంత మంచి మనసని చెప్పింది. ఆయన మొహం విచ్చుకుంది. మరి పిల్లకు ఏమైందని అడిగాడు. అత్తయ్య చిన్నగా నవ్వింది. "వట్టి అల్లరిదండీ. ఎవరికీ చెప్పకుండా టిక్కీల మీదికెక్కింది. పడింది."

దివ్యకు మాటలు ఆలస్యంగా వస్తాయి. పెదవులు ముందు కదిలి, తరువాత శబ్దం వస్తుంది. గదిలో వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతుండగా అంది.

"లేదు."

మరిచిపోలేదు నా తల్లి.

తలకు తగిలింది కదండీ, ఏదో అంటుంటుంది అని అత్తయ్య సర్దబోయింది. మా ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. నేను తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చాను. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదు.

"అది లేదంటోంది. నువ్వేమంటావు బాలూ?"

వాడు నా వైపు చూడలేదు. దివ్య వైపు చూశాడు. తరువాత రామాంజనేయులు గారికి చెబుతున్నట్టు చెప్పాడు.

"నేనే ఎక్కించానండి. టిక్కీల మీద కూర్చుంటే ఊరంతా కనిపిస్తుందే అని నేనే ఎత్తి కూర్చోబెట్టాను. కొంచెం దూరం పోయాక భయమేస్తోంది, దించమని ఏడ్చింది. యార్డులో వరస పోతుందని ఆపలేదు. ఏడుస్తూనే ఉంది. మలుపు తిరిగాక ఏడుపు వినపడలేదు. అప్పుడు ఆపాను."

ఏడ్చిందని నాకు తెలియదు. ఏడాదిగా నేను ఊహించుకున్నది కేరింతలు కొడుతున్న పిల్లను. నా పిల్ల నవ్వుతూ పడిందని, అంతవరకైనా భయం తెలియకుండా పడిందని నాకు నేను చెప్పుకుంటూ నిద్రపోయేదాన్ని. వాడు అది కూడా తీసేసుకున్నాడు.

రామాంజనేయులు గారు గ్లాసు నేల మీద పెట్టాడు. సగం కాఫీ అలాగే ఉంది. లేచి, మా ఆయనకు దండం పెట్టి, కబురు చేస్తామండీ అన్నాడు. బావమరిది అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. వాళ్లు వీధి దాటేదాకా ఎవరూ కదలలేదు.

మా ఆయన లేచాడు. ఇన్నాళ్లూ నా మీద కేకలేశాడే గానీ తమ్ముడి మీద చెయ్యెత్తి ఎరగడు. ఇప్పుడూ ఎత్తలేదు.

"దించమని ఏడ్చిందా?" అన్నాడు.

బాలు తలూపాడు.

"ఏడుస్తుంటే తోలావు. తోలి, దాని మీదే నెట్టావు. నేను నీ మాట నమ్మి దాని తల్లి నోరు మూయించాను." ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "లే. ఈ గడపలో ఉండొద్దు."

అత్తయ్య పెద్దకొడుకు కాళ్ల మీద పడబోయింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు. బాలు ఏమీ అడగలేదు. మంచం మీద నుంచి లేచి, కొక్కేనికి ఉన్న తువ్వాలు ఎడమ చేత్తో తీసుకుని భుజాన వేసుకున్నాడు.

నేను కోరుకున్నది ఇదే. ఇదే మాట మా ఆయన నోటి నుంచి వినాలని, వాడు ఊరందరి ముందూ తల వంచుకుని ఈ గుమ్మం దాటాలని మొక్కుకున్నాను. తలుపుకు అడ్డంగా ఉన్న నేను పక్కకు జరిగి దారిచ్చాను. కడుపులో చల్లగా ఉంటుందనుకున్నాను. ఇంకా ఉండలేదు. వాడు దాటాక ఉంటుందనుకున్నాను.

దివ్య మంచం దిగిన సంగతి ముందు ఎవరూ చూడలేదు. కుడి కాలు ఈడ్చుకుంటూ వాడి వెనక వచ్చింది. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. కుడి చెయ్యి ముందుకు చాచింది. ఆ చెయ్యి గాలిలో అటూ ఇటూ ఊగి, వాడి చొక్కా అంచుకు తగిలింది. జారిపోతుందనుకున్నాను. ఎప్పుడూ జారిపోయేదే.

చూపుడు వేలు ముడుచుకుంది. దాని వెనక నడిమి వేలు. మిగతా రెండూ వణికి, వణికి, వచ్చి కలిశాయి.

బాలు అడుగు వేశాడు. చొక్కా వెనక్కి బిగిసింది. పిల్ల తూలింది గానీ చెయ్యి ఊడలేదు. వాడు ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ పట్టు తప్పుతుందని వాడికీ తెలుసు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"దుర్గా" అన్నాడు మా ఆయన. "పిల్ల చెయ్యి విడిపించు."

ఆయనకు ఆ చెయ్యి కనపడలేదు. పిల్ల బాబాయిని ఆపుతోందనే చూశాడు. ఏ చేత్తో ఆపుతోందో చూడలేదు.

నేను వెళ్లి వాళ్లిద్దరి మధ్య నేల మీద కూర్చున్నాను. దివ్య పిడికిలి మీద చెయ్యి వేశాను. వెచ్చగా, గట్టిగా ఉంది. నేను విప్పితే వాడు ఇల్లు దాటతాడు, ఈ పట్టూ వాడితోనే పోతుంది.

"దుర్గా, విడిపించమన్నానా" అన్నాడు ఆయన మళ్లీ.